ఖవాజా పంచదార వద్దన్న రోజు

ఇన్‌స్పెక్టర్ మునీఫ్ అజార్ తన ఉద్యోగంలో ఒక్కసారి కూడా తప్పు మనిషి మీద చెయ్యి వెయ్యలేదు. కావాలంటే బేరూతులో ఎవరినైనా అడగండి, ఆయన చేత బేడీలు వేయించుకున్నవాళ్లే సాక్ష్యం చెబుతారు. జైల్లో కొత్తగా చేరినవాడెవడైనా "నేనేం చెయ్యలేదు మొర్రో" అని ఏడిస్తే, పాతకాపులు "నిన్ను పట్టుకున్నదెవరు?" అని అడుగుతారట. "మునీఫ్" అంటే, "అయితే చేసే ఉంటావులే, పడుకో" అని దుప్పటి విసిరేస్తారట. అంతటివాడు.

అంతటివాడు ఆ మధ్యాహ్నం అష్రఫియే పేటలో ఒక మేడ మూడో అంతస్తున, పోయినవాడి చెప్పు ఒకటి చేత్తో పట్టుకొని, రెండోది ఎక్కడుందా అని బల్లల కింద దేవులాడుతున్నాడు.

పోయినవాడు వదీ నొహ్రా. అధ్యక్షుడు నమూర్‌కి కుడిచెయ్యి. బ్యాంకుల్లో ఎవరి సొమ్ము ఎంత మూలుగుతోందో జడ్జి అడిగితే చెప్పి తీరాలన్న చట్టం రాసినవాడు. ఆ చట్టం తెస్తానని ఊరూరా తిరిగి చెప్పే నమూర్ గద్దెనెక్కాడు. ఆ చట్టం రాకుండా చూడాలని షావుకార్లందరూ ఏకమయ్యారు. రేపు పార్లమెంటులో ఓటు. ఇవాళ పొద్దున వదీ తన రాతగది వెనకున్న బాల్కనీ మీంచి కింద పెరట్లో పడి ప్రాణం విడిచాడు.

రెండో చెప్పు బాల్కనీలో దొరికింది. కమ్మీల పక్కన, బోర్లా పడి ఉంది. మొదటిది రాతగదిలో, కుర్చీ దగ్గర దొరికింది.

మునీఫ్ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. దూకదలుచుకున్నవాడు చెప్పులు విడిచి దూకుతాడు, లేకపోతే తొడుక్కొని దూకుతాడు. ఒకటి కుర్చీ దగ్గరా, ఒకటి కమ్మీల దగ్గరా వదిలి దూకేవాణ్ణి ఆయన ఇంతవరకూ చూడలేదు. ఈడ్చుకెళ్తే మాత్రం చెప్పులు అలాగే ఊడతాయి.

అక్కణ్ణించి ముందువైపు, వీధి బాల్కనీలోకి వెళ్లాడు. మూడో అంతస్తులో కాపురం ఉండే ప్రతి ఇంట్లోలాగే అక్కడా తాడు కట్టిన బుట్ట ఉంది. కింద వీధిలో నువ్వుల రొట్టెలవాడు కేక వేస్తే పైనుంచి బుట్ట దింపడం, వాడు రొట్టెలు వేస్తే లాక్కోవడం. తాడు కొక్కేనికి పద్ధతిగా చుట్టి ఉంది. బుట్టలో గుడ్డ కింద రెండు రొట్టెలున్నాయి. ఒకటి జాతర్ మసాలా ఆకుపొడి చల్లినది, రెండు కొరుకులు కొరికి ఉంది. ఇంకోటి చీజు పెట్టినది, ముట్టుకోలేదు.

ఒంటరిగా ఉన్న మనిషి రెండు రొట్టెలు ఎందుకు కొన్నట్టు?

ఆయన ఆ రెంటినీ చేతిరుమాల్లో చుట్టి కోటు జేబులో కుక్కుకుంటుండగా గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది.

వచ్చినవాడు కెప్టెన్ రాజీ. అధ్యక్ష భవనం కాపలాదళానికి అధిపతి. కాపలా కాయాల్సిన భవనం కొండ మీద ఉంటే, ఇతగాడు ఎప్పుడూ ఊళ్లోనే కనిపిస్తాడు. అత్తరు వాసన ముందొచ్చి, మనిషి తర్వాత వస్తాడు. ఈసారి తీర్పు కూడా వెంట తెచ్చాడు.

"దూకాడు" అన్నాడు, టోపీ కూడా తియ్యకుండా. "షావుకార్ల దగ్గర తిన్నాడు. రేపో మాపో బయటపడుతుందని సిగ్గుతో దూకాడు. నాలుగింటి రేడియో వార్తల్లో ఆత్మహత్య అని చదువుతారు. నువ్వు కాగితం మీద సంతకం పడేసి ఇంటికి పోయి పడుకో, అబూ నజీబ్."

మునీఫ్‌కి నలుగురూ ఆడపిల్లలే. పెళ్లినాడే ఊరంతా కలిసి పుట్టబోయే కొడుక్కి నజీబ్ అని పేరు పెట్టేసి, ఈయన్ని అబూ నజీబ్‌ని, అంటే నజీబ్ తండ్రిని, చేసేసింది. కొడుకు రాలేదు, పిలుపు మాత్రం ఉండిపోయింది.

"గదులు చూడకుండానే చెప్పేస్తున్నావే" అన్నాడు మునీఫ్.

"చూడ్డానికేముంది? బాల్కనీ ఉంది, కింద నేల ఉంది."

"చెప్పులు రెండూ రెండు చోట్ల ఉన్నాయి."

"పరిగెత్తి దూకి ఉంటాడు."

"యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, సొంత బాల్కనీలోకి పరుగు పందెం పెట్టుకున్నాడా?"

"జేబులో ఏంటది?"

"వదీ పొద్దుటి రొట్టె. సాక్ష్యం."

"రొట్టె తిన్నవాడు దూకకూడదని చట్టమేమైనా ఉందా?" రాజీ నవ్వాడు. "ఉంటే అదీ వదీయే రాసుంటాడులే. ఇదిగో పెద్దాయనా, అధ్యక్షుల వారికి ఇవాళ తలనొప్పిగా ఉంది. నువ్వు ఇంకో తలనొప్పివి కావద్దు. మీ పోలీసుల్లో ఎవర్ని ఎప్పుడు ఇంటికి పంపాలో నాకూ తెలుసు."

"నాలుగింటివరకూ టైముందిగా."

"నాలుగింటి వరకే ఉంది" అని చెప్పి అత్తరుతో సహా వెళ్లిపోయాడు.

హాల్లో వదీ భార్య అమెలీ నల్లబట్టల్లో కూర్చొని ఉంది. చెల్లెలి దగ్గరికి జహ్లే వెళ్లిన మనిషి, కబురు విని గంట క్రితమే పరుగున వచ్చింది. కళ్లలో నీళ్లు లేవు. మునీఫ్ ఎదురుగా కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"ఆ కెప్టెన్ మాటలు విన్నాను, అబూ నజీబ్."

"గట్టిగానే మాట్లాడతాడమ్మా."

"ఫాదర్ బులుస్ వచ్చి వెళ్లారు. ఆత్మహత్య అయితే గుళ్లోకి రానివ్వరట, గంట మోగదట. పోలీసు మాట తెలిసేదాకా కొట్టించలేనన్నారు. ఆయన్నేమనను, ఆయన పద్ధతి ఆయనది. ఈ గుళ్లోనే మా ఆయనకి జ్ఞానస్నానం అయింది. ఈ గుళ్లోనే మా పెళ్లయింది. నాకు చట్టం వద్దు, పింఛను వద్దు, అధ్యక్షులవారు పంపే పూలదండ వద్దు. నా మొగుడికి గంట మోగాలి. వీధిలో అందరూ వినాలి. అది తప్ప నాకింకేమీ వద్దు."

మునీఫ్ మాట ఇవ్వలేదు. ఇచ్చిన మాటలు ఆయనకు నిద్ర పట్టనివ్వవు. "ఆయన చీజు తినేవారా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

"చీజా? వాసన చూస్తేనే కడుపునొప్పి. మా ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. వచ్చినవాళ్లకి పెట్టాల్సొస్తే వీధిలోంచి కొనేవారు."

అంటే పొద్దున ఎవరో వచ్చారు. తెలిసినవాడే. ఏ రొట్టె ఇష్టమో అడిగి కొనిపెట్టేంత తెలిసినవాడు.

వంటింట్లో ఉమ్ తన్నూస్ గిన్నెలు తోముతోంది. తోమాల్సినవేమీ లేవు, అయినా తోముతోంది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో వంటమనిషి. రోజూ ఎనిమిదికి తాళంచెవితో వచ్చి తలుపు తీసుకుంటుంది.

"వచ్చేసరికి రాతగది తలుపు మూసి ఉంది బాబూ. తలుపు మూసుందంటే రాసుకుంటున్నారని. ఆ తలుపు తడితే నన్ను మా ఊరు పంపేస్తానని కొత్తల్లోనే చెప్పారు. నేను తట్టలేదు. పదింటికి పెరట్లో చెత్త ఎత్తారో లేదోనని వెనక కిటికీలోంచి తొంగి చూస్తే..." చేతిలో గిన్నె ఆగింది. మళ్లీ తోమింది.

"మధ్యలో ఎవరైనా వచ్చారా?"

"తొమ్మిదింటికి ఖవాజా ఎడ్మోన్ వచ్చాడు. ఇంకెవరొస్తారు."

ఖవాజా, అంటే దొరగారు, ఎడ్మోన్ కట్టార్ షావుకార్లందరికీ షావుకారు. తన పేరు మీద బ్యాంకు, తన అప్పు మీద సగం పార్లమెంటు ఉన్నవాడు. వదీ చట్టం వస్తే అందరికంటే ముందు మునిగేది ఆయనే. అయినా వారానికి రెండుసార్లు వదీ ఇంటికొచ్చి, దెబ్బలాడుకుంటూ కాఫీ తాగి పోయేవాడు.

"ఏమన్నాడు?"

"అనకపోవడమే బాబూ నా బాధ. రాసుకుంటున్నారు, కూర్చోండి అని కాఫీ పెట్టాను. ఇరవై ఏళ్లుగా ఆ మహానుభావుడు తాగేది కాఫీ కాదు, పానకం. మూడు చెంచాలు వేసి, ఇంకాస్త అంటాడు. ఇవాళేమో పంచదార గిన్నె ఇలా, వేలితో, పక్కకు తోసేశాడు. చేదు కాఫీ గుక్కెడు తాగి కప్పు కింద పెట్టాడు. 'మీ ఇంట ఇది ఎప్పుడూ ఉండాలి' అన్న మాటైనా అనలేదు. నా చేతి కాఫీకి ఆ మాట అననివాణ్ణి నేను చూడలేదు. ఏమండీ, చేదుగా ఉందా అంటే, నా మొహం వంక అదోలా చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకొని వెళ్లిపోయాడు. ఎంత డబ్బుంటే మాత్రం అంత పొగరా?"

మునీఫ్ కుర్చీలోంచి లేచాడు. కూర్చున్నవాడు ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియలేదు.

మాలో కాఫీకి పంచదార వేసుకోనిది ఒక్కచోటే. చావు జరిగిన ఇంట్లో. అక్కడ కప్పు కింద పెడుతూ "ఎప్పుడూ ఉండాలి" అని కూడా అనరు, అంటే చావులు ఎప్పుడూ ఉండాలన్నట్టు అవుతుంది. తల్లి ఒడిలో ఉన్నప్పుడే నేర్చుకునే మర్యాద ఇది. తాగుబోతు కూడా మరిచిపోడు.

తొమ్మిదింటికి ఆ ఇంట్లో చావు జరిగిందని వంటమనిషికి తెలియదు, వీధికి తెలియదు, భార్యకు తెలియదు. ఖవాజా ఎడ్మోన్‌కి తెలుసు.

"ఉమ్ తన్నూస్, అది పొగరు కాదమ్మా" అన్నాడు మునీఫ్, టోపీ పెట్టుకుంటూ. "అది మర్యాద."

ఖవాజా ఎడ్మోన్ తన బ్యాంకు మేడమీద గదిలో కిటికీ వైపు తిరిగి కూర్చొని ఉన్నాడు. ముందు ఎవరినీ లోపలికి రానివ్వొద్దని చెప్పాడు గానీ, మునీఫ్‌ని ఆపడానికి గుమస్తాలకి కాళ్లాడలేదు.

"రా అబూ నజీబ్. కాఫీ?"

"మీరు తాగితే తాగుతాను. పంచదార వేసుకొని."

ఖవాజా మెల్లగా ఇటు తిరిగాడు. డెబ్బై ఏళ్ల మొహం, అప్పుడే గీసుకున్న నున్నటి గడ్డం.

"ఆ ముసలమ్మ చెప్పిందన్నమాట."

"మీకు పొగరెక్కిందంటోంది. నేనే సర్దిచెప్పి వచ్చాను." మునీఫ్ దగ్గరికెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "లేవండి ఖవాజా. పొద్దున వంటమనిషి రాకముందే వదీ మీకోసం చీజు రొట్టె కొన్నాడు. మీరు తినలేదు. ఆయన్ని ఈడ్చుకెళ్లి తోసేసి బయటికి పోయారు. తొమ్మిదింటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చారు, ఎవరైనా చూశారేమో తెలుసుకుందామని. చెయ్యి చంపగలిగింది గానీ నాలుక పంచదార వేసుకోలేకపోయింది."

ఖవాజా నవ్వాడు. పెద్ద నవ్వు కాదు, దగ్గులాంటి నవ్వు.

"ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా నేను బాబ్ ఇద్రీస్ బజారులో క్షవరం కుర్చీలో ఉన్నాను. ఒక పక్క కుర్చీలో రవాణా మంత్రి, ఇంకో పక్క కుర్చీలో సుప్రీంకోర్టు జడ్జి, ఇద్దరూ మొహాలకి నురగతో. మంగలాయన పది నిమిషాల పని గంటన్నర చేస్తాడు, రాజకీయాలు మాట్లాడకుండా కత్తి కదలదు. పోయి కనుక్కో. ఈ డెబ్బై ఏళ్లవాడు నీ వదీని ఈడ్చగలడా అని కూడా అడుగు. ఆయన తూకం నాకు రెట్టింపు."

మొదట్లో నేనొక మాట అన్నాను, మునీఫ్ తప్పు మనిషి మీద చెయ్యి వెయ్యలేదని. వేశాడు. ఆ చెయ్యి ఇంకా ఖవాజా భుజం మీదే ఉంది. నిజం చెప్పాలంటే అంతకుముందూ వేశాడు. ఒకసారి చర్చి మెట్ల మీంచి పెళ్లికొడుకుని ఈడ్చుకెళ్లి, వాడు కాదని తేలాక సాయంత్రం తానే తిరిగి తెచ్చి పెళ్లికూతురికి అప్పజెప్పాడు. ఆ జంట పెద్ద పిల్లవాడికి ఆయనే జ్ఞానపిత. దుప్పటి కథ జైలు వార్డరు పుట్టించింది, నాకు నచ్చి చెప్పాను.

మునీఫ్ చెయ్యి తీసేశాడు. "మరి ఆ ఇంట్లో చావు ఉందని మీకెలా తెలుసు?"

ఖవాజా లేచి గది తలుపు బోల్టు పెట్టి వచ్చాడు.

"నేను మనుషుల్ని కొంటాను, అబూ నజీబ్. అందరికీ తెలిసిందే. నీ పైవాళ్లని కొన్నాను, వాళ్ల పైవాళ్లని కొన్నాను. వదీ ఒక్కడే అమ్ముడుపోలేదు. అందుకే వాళ్లింటికి వెళ్లేవాణ్ణి, నా కాఫీకి నేను డబ్బులివ్వనక్కర్లేని ఇల్లు అదొక్కటే. చంపడం నా వ్యాపారం కాదు. చంపుకుంటూ పోతే అప్పు తీర్చేవాడెవడు?"

"ఎలా తెలుసని అడిగాను."

"మంగలి షాపుకి ఫోనొచ్చింది. ఎనిమిదిన్నరకి. 'అధ్యక్ష భవనం నుంచి, లైన్లో ఉండండి' అంది ఆపరేటరమ్మాయి. తర్వాత ఒక మనిషి మాట్లాడాడు. 'వదీ పోయాడు. ఇక మన మధ్య అడ్డం లేదు. గోధుమలకి అప్పు ఇవాళే కావాలి. ముందు వాళ్లింటికెళ్లి పలకరించి రా, నువ్వు వెళ్తే బాగుంటుంది' అన్నాడు. నిజంగానే పరామర్శకి వెళ్లాను. జనం ఉంటారు, ఏడుపులు ఉంటాయి అనుకున్నాను. వెళ్తే వంటావిడేమో కూనిరాగం తీస్తూ తలుపు తీసింది. రాసుకుంటున్నారు, కూర్చోండి అంది." ఖవాజా కళ్లు తుడుచుకున్నాడు. "అప్పుడు తెలిసింది నాకు, ఆ మాట ఇంట్లోవాళ్లకంటే ముందు నాకొచ్చిందని. ఆ అమ్మకి చెప్పనా? చెప్తే నీకెలా తెలుసంటుంది. పంచదార గిన్నె ముందు పెట్టింది. మూసిన తలుపు కనిపిస్తోంది. నేను వేసుకోలేకపోయాను, మునీఫ్. శవం ఉన్న ఇంట్లో."

"ఫోన్లో మాట్లాడిందెవరు?"

"పేరు చెప్పను. నాకు మనవలున్నారు."

"గొంతు గుర్తుపట్టారా?"

"ఫాదర్ల బళ్లో ఆ గొంతు నా పక్క బెంచీలో కూర్చొని లాటిన్ వల్లించేది. ఏడేళ్లు. మరిచిపోతానా?"

ఆ బళ్లో ఖవాజా ఎడ్మోన్ పక్క బెంచీ ఎవరిదో దేశంలో పాఠం చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. ఎన్నికల్లో నమూరే చెప్పుకున్నాడు. షావుకారు కొడుకు పక్కన కూర్చున్నా షావుకారు అన్నం తినలేదని.

మునీఫ్ మెట్లు దిగేసరికి మూడు కావస్తోంది.

కొండ మీది భవనం గేటు దగ్గర కెప్టెన్ రాజీ ఎదురొచ్చాడు. ఖవాజా గుమస్తాల్లో ఎవడో ఫోను చేసి ఉంటాడు.

"సంతకం పెట్టడానికి ఇంత దూరం వచ్చావా? నేనే పంపేవాణ్ణిగా మనిషిని."

"అధ్యక్షుల వారి ఎదుట పెడదామని."

"బాగుంది, బాగుంది." రాజీ భుజం తట్టాడు. "మొహం పీక్కుపోయింది పెద్దాయనా, మధ్యాహ్నం ఏమైనా తిన్నావా లేదా? జేబులో పెట్టుకొని తిరుగుతున్నావు, ఆ చీజు రొట్టైనా తినకపోయావా?"

మునీఫ్ రెండు మెట్లు ఎక్కి ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"వదీ పొద్దుటి రొట్టె అన్నాను నీతో. ఒక్కటే అన్నాను. రుమాల్లో చుట్టి ఉంది. వదీ చీజు ముట్టడు."

రాజీ మొహంలో నవ్వు ఉన్నచోటే ఉంది. కానీ అది ఇప్పుడు ఎవరో గోడకు తగిలించి మరిచిపోయిన నవ్వులా ఉంది.

"నీకోసం కొన్నాడు" అన్నాడు మునీఫ్. "నువ్వు ముట్టుకోలేదు. పైకెళ్లి వస్తాను."

"వెళ్లు" అన్నాడు రాజీ, చాలా మెల్లగా. "నీకోసం ఇక్కడే కాచుకొని ఉంటాను."

అధ్యక్షుడు నమూర్ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద కాగితాలకి సంతకాలు పెడుతున్నాడు. పైన షావుకార్ల పేర్లు, కింద గోధుమ ఓడల పేర్లు.

"కూర్చో మునీఫ్."

"నిలబడతాను. మంగలి షాపుకి ఫోను చేసింది మీరు. వదీ ఇంటికి రాజీని పంపింది మీరు."

నమూర్ కలం పక్కన పెట్టాడు. కాదనలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

"మాట్లాడి రమ్మన్నాను."

"మాట్లాడి వచ్చాడు."

"దేశంలో గోధుమలు నెలాఖరు దాకా లేవు. నీకు తెలుసా? ఎడ్మోన్, వాడి జట్టు తప్ప ఎవరూ అప్పివ్వరు. చట్టం ఆపితే ఇస్తామన్నారు. ఒక్క ఏడాది ఆగు వదీ, అన్నాను. వినలేదు. రాజీనామా చేసి పార్లమెంటు మెట్ల మీద నిలబడి నీ పేరు చెప్తానన్నాడు. రొట్టె లేకపోతే చట్టం ఎవడు నములుతాడు, నువ్వే చెప్పు."

"నాకు రొట్టెల సంగతి తెలియదు. రాజీ ముట్టుకోనిది ఒకటి మాత్రం నా జేబులో ఉంది."

నమూర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. "అమెలీకి ఏం కావాలో నాకు తెలుసు. ఆత్మహత్య అని చదవనివ్వను. ప్రమాదం అని రాయి. తూలి పడ్డాడు. గంట మోగుతుంది, పెద్దలందరం వెనక నడుస్తాం, పతకం ఇస్తాం. వదీ చట్టం వదీతో పోతుంది. ఇంతకంటే ఇవ్వలేను."

ఆ విధవ అడిగింది అదొక్కటే, అది ఇక్కడ పళ్లెంలో పెట్టి ఇస్తున్నారు. సంతకం పెట్టి దిగిపోతే మునీఫ్ నలుగురు కూతుళ్లున్న ఇంటికి సాయంత్రానికి చేరతాడు.

"హత్య అని రాస్తాను" అన్నాడు. "చంపబడ్డవాడికి కూడా గంట మోగుతుంది."

"నీ కాగితం గేటు దాటదు మునీఫ్."

"కాగితం అక్కర్లేదు."

మునీఫ్ చెయ్యి చాచి బల్ల మీది ఫోను అందుకున్నాడు. "చెప్పండి అయ్యా" అంది ఆపరేటరమ్మాయి, అవతల ఉన్నది అధ్యక్షుడే అనుకొని. ఆ ఫోను ఇంకెవరూ ఎత్తరు.

"అష్రఫియే. ఫాదర్ బులుస్."

నమూర్ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. రెండంగల్లో వచ్చి తీగ పీకెయ్యొచ్చు. గట్టిగా ఒక కేక వేసినా చాలు. పీకలేదు, కేక వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో దేవుడికి తెలియాలి, అడిగినా ఆయన చెప్పడు.

"అధ్యక్ష భవనం నుంచి, లైన్లో ఉండండి" అని ఆ అమ్మాయి ఫాదర్‌తో అనడం వినిపించింది.

"ఫాదర్, మునీఫ్‌ని. వదీ దూకలేదు, పడలేదు. చంపారు. గంట కొట్టించండి, ఇప్పుడే."

అవతల ఊపిరి పీల్చిన చప్పుడు. "ఈ మాట ఎవరిది అబూ నజీబ్?"

"ఫోను ఎక్కణ్ణించి వచ్చిందో మీరు విన్నారుగా ఫాదర్."

పెట్టేశాడు. గోడ గడియారం తన పని చేసుకుంటోంది. కాసేపటికి కిటికీలోంచి, ఊరు వైపు నుంచి, పెద్ద గంట ఒకటి నెమ్మదిగా మోగడం మొదలైంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య మనిషి ఒక ప్రార్థన చెప్పుకునేంత ఎడం. చావు గంట. రేడియోలో ఇక ఎవరు ఏం చదివినా, గంట విన్న అష్రఫియే నమ్మదు. నమూర్ కళ్లు మూసుకొని సిలువ గుర్తు వేసుకున్నాడు.

"రాజీ నిన్ను కారులో దిగబెడతాడు" అన్నాడు, కళ్లు తెరవకుండానే.

మునీఫ్ మెట్లు దిగాడు. కింద కారు వెనక తలుపు తీసి పట్టుకొని రాజీ నిలబడి ఉన్నాడు. అత్తరు వాసన ఇంకా తాజాగా ఉంది. ముందు సీట్లో మునీఫ్‌కి తెలియని మనుషులు ఇద్దరున్నారు. ఆయన టోపీ సర్దుకొని, గంట మోగుతోందిగా అనుకొని, లోపలికి ఎక్కాడు.

ఆగండి. ఆ భవనం ఎరిగినవాళ్లు నన్ను తిట్టకముందే ఒప్పుకుంటాను. మిగతాది మిగతాదే గానీ, కిటికీలోంచి గంట వినిపించిందన్నది నేను కల్పించాను. అక్కడికీ అష్రఫియేకీ మధ్య ఒక కొండ, ఒక నది, ఊరంత సముద్రపు గాలి. ఫిరంగి పేల్చినా వినపడదు. నమూర్ ఏమీ వినలేదు, సిలువ గుర్తు వేసుకోలేదు. మునీఫ్ కూడా ఏమీ వినలేదు. ఫాదర్ తన మాట నమ్మాడో లేదో, తాడు లాగారో లేదో తెలియకుండానే ఆయన ఆ కారెక్కాడు. వట్టి చేతులతో ఆయన్ని ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు, అందుకని గంట తెచ్చి చేతిలో పెట్టాను.

గంట మోగిన మాట మాత్రం నిజం. అమెలీ వీధి బాల్కనీలోకి వచ్చి, కమ్మీలు పట్టుకొని, చివరి దెబ్బ దాకా నిలబడి విన్నది.